ఆమె రాసిన నోటుబుక్కు, నేను కొత్తగా నేర్చుకున్న పని



నేను హోసూరు తాలూకా వాణ్ణి. చదివింది ఎస్.ఎస్.ఎల్.సి. దాకా, తెలుగు మీడియంలో. మా నాయన కాలం నుంచి మాకు మల్బరీ తోట ఉండాది. ఈ పత్రికలో ఎక్కువగా 100 గుడ్లకు 80 కిలోలు ఎట్ల తీసినాము, 90 ఎట్ల తీసినాము అని రాస్తారు. మంచిదే, నేనూ చదువుతాను. నేను రాసేది మాత్రం ఏమీ చేతికి రాని సంవత్సరం గురించి. రాయమని రెండు మూడు తూర్లు అడిగినారు, నేనే తప్పించుకుంటా వచ్చినాను. పోయిన నెల ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. భార్య పోయి నాలుగు నెలలయింది, షెడ్డుకు తాళం వేసినాను, తోట పీకేయాలని ఉన్నాను, నువ్వేమంటావు అన్నా అని. ఫోనులో ఆ పిల్లోనికి ఏమీ చెప్పలేక పోయినాను. అందుకే ఇప్పుడు రాస్తా ఉన్నాను.

మా ఇంట్లో పట్టు రైతు ఎవరు అంటే నేనే. పాస్‌బుక్కు నా పేరున ఉండాది. మార్కెట్టులో లాటు నా పేరున పడతాది. శిక్షణకు పిలిస్తే పాస్‌బుక్కు ఉన్నోణ్ణే పిలుస్తారు, నేను పోయి సంతకం పెట్టి, వెనక బెంచీలో కూర్చొని, భోజనం చేసి వచ్చేది. తోటకు నీళ్లు కట్టేది, మందు వేసేది, కొమ్మ కోసి మోసేది, గూళ్లు సంచులకెత్తి రామనగరమో శిడ్లఘట్టో ధర్మపురో తీసుకుపోయేది నా పని. షెడ్డు లోపల పని అంతా మా ఇంటామెది. పురుగు ఎప్పుడు జ్వరానికి కూర్చుంటాది, ఎప్పుడు లేస్తాది, ఎంత ఆకు వేయాల, ఏ కిటికీ మూయాల, అంతా ఆమె చూసుకునేది. నేను వాకిట్లో కొమ్మల మోపు దించి, "ఎట్లుండాయి?" అని అడిగేది. "బాగుండాయి" అనేది. అంతటితో నా పని అయిపోయినట్లే.

18 ఏండ్లు ఇట్లనే జరిగింది. నాకు పురుగు తెలుసు అనుకుంటా ఉంటిని. టీ అంగడి కాడ నలుగురికి సలహాలు కూడా చెప్పేవాణ్ణి.

2011లో ఢిల్లీ బడ్జెట్టులో పట్టు దారం దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5 శాతానికి దించినారు, మీకు గుర్తుంటాది. గూళ్ల ధర పడిపోయి, మా పక్క చానా మంది తోటలు పీకేసి టమాటా, రోజా పెట్టినారు. నేనూ పీకేద్దామంటిని. ఆమె ఒప్పుకోలేదు. "ధర ఈ పొద్దు పోతాది, రేపు వస్తాది. వేరు పీకితే మళ్లీ రావాలంటే ఎన్ని దినాలు" అనింది. అప్పుడు పీకకుండా ఉన్నందుకే ఆ తర్వాత పెద్దపాప చదువు, షెడ్డు పైకప్పు అన్నీ అయినాయి. ఆ మాట ఎందుకు చెప్తా ఉన్నానంటే, ఆమె లేని సంవత్సరంలో నేను ఏం చేసినానో ముందు చూస్తారు.

2021 మే నెల. షెడ్డులో 200 గుడ్ల పురుగు, నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. ఆమెకు ఒళ్లు వెచ్చబడింది. ఆ నెల ఎట్లాంటి నెలో అందరికీ తెలుసు. "రెండు దినాలు పండుకో" అంటే వినలేదు. పురుగు లేచింది, ఇప్పుడు ఐదో వయసు, మొత్తం తినే ఆకులో 100కు 80 పాళ్ల పైన ఈ ఏడెనిమిది దినాల్లోనే తింటాది, ఇప్పుడు ఆపితే ఎట్ల అని జ్వరంతోనే రెండు దినాలు ఆకు వేసింది. మూడో దినం ఊపిరి ఆడలేదు. ముందు హోసూరు, ఆడ మంచం లేక బెంగళూరు. పిల్లలను మాలూరు పక్క వాళ్ల అవ్వ ఇంటికి పంపినాను. మా యమ్మ మూడు దినాలు తనకు తోచినట్లు పురుగుకు ఆకు వేసింది, తర్వాత ఆమె కూడా పండుకునింది. వీధి మూసేసినారు, ఎవురూ రాలేరు. తొమ్మిదో దినం మా ఇంటామె పోయింది. ఊరికి తేలేదు. ఆడనే అయిపోయింది. ఇంతకంటే ఆ సంగతి రాయలేను.

నేను తిరిగొచ్చి రెండు వారాలకు షెడ్డు తాళం తీసినాను. పురుగు చచ్చిన వాసన మీకు చెప్పనక్కర లేదు. రాకుల మీద నల్లగా, నీళ్లుగా. కానీ కొన్ని, ఆకు లేకపోయినా, చంద్రిక ఎక్కించేవాళ్లు లేకపోయినా, ఆ ఎండిన కొమ్మల సందుల్లోనే గూళ్లు కట్టుకున్నాయి. వేరుశనగకాయ అంత చిన్నవి, వేలితో నొక్కితే లోపలికి పోయేంత పలచనివి. ఆడ కూర్చొని ఏడ్చినాను. ఆస్పత్రిలో ఏడుపు రాలేదు, ఈడ వచ్చింది. తర్వాత గంపతో అంతా ఎత్తి, తోట పక్క ఎరువు తిప్పలో పోసి, షెడ్డు నీళ్లతో కడిగినాను.

ఇది చదివే అక్కలకు నేను చేసిన తప్పు అప్పుడే తెలిసిపోయి ఉంటాది. నాకు తెలిసేదానికి పది నెలలు పట్టింది.

ఆగస్టులో 150 గుడ్లు పెట్టినాను. ఐదో వయసులో పాలరోగం పట్టుకుంది. ఒళ్లు ఉబ్బి, తెల్లనీళ్లు కారుతా, రాకు అంచుల వెంబడి తిరుగుతా పడిపోయినాయి. 20 కిలోలు కూడా రాలేదు. నవంబరులో మళ్లీ 100 పెట్టినాను. ఆ నెల వాన విడవలేదు, మీకు గుర్తుంటాది. తడి ఆకే వేసినాను. షెడ్డు చల్లబడింది, ఆకు కుప్ప చెమ్మ పట్టింది. సున్నంకట్టు రోగం వచ్చి పురుగులన్నీ సుద్దముక్కల మాదిరి బిగుసుకుపోయినాయి. మార్కెట్టుకు పోయే పనే లేకపోయింది. సొసైటీ బాకీ, చాకీ బాకీ, కూలీ బాకీ, అన్నీ అట్లనే నిలబడినాయి. 2022 మొదట్లో గూళ్ల ధర ఎప్పుడూ లేనంతగా ఎక్కింది కదా, అప్పుడు నా దగ్గర ఒక్క కిలో లేదు.

మందు తాగినాను. మూడు నెలలు. పెద్దగా చెప్పుకునేదేమీ లేదు, దాచేదీ లేదు.

ఆ సమయంలోనే బంధువులు ఇంకో పెండ్లి చేసుకోమన్నారు. పిల్లల కోసం అన్నారు. ఒక పెద్దాయన మాత్రం ఉన్నదున్నట్లు అన్నాడు, "షెడ్డుకు ఒక మనిషి కావాల కదరా" అని. ఆయనకు కోపంగా జవాబు చెప్పి ఇంటికొచ్చినాను. రాత్రి పండుకున్నాక ఆలోచన వచ్చింది. నేను 18 ఏండ్లు ఆమెను చూసింది కూడా కొంత అట్లనే కదా, షెడ్డుకు ఒక మనిషి మాదిరి. కోపం ఆయన మీద కాదు అని అప్పుడు తెలిసింది.

మా బావమరిది హోసూరు సిప్‌కాట్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని చూపించినాడు. రాత్రి షిఫ్టు. తోట ఎట్లాగూ దండగ అని అర ఎకరా వి-1 మల్బరీ జేసీబీ పెట్టి పీకించి టమాటా నాటినాను. ధర లేని కాలంలో కూడా ఆమె పీకనీయని తోట, ధర బాగున్న కాలంలో నేను పీకినాను. ఆ టమాటాకు కోత కూలి కూడా రాలేదు. ఆ అర ఎకరా మళ్లీ మల్బరీ పెట్టేదానికి ఇంకా బాకీ కడతానే ఉన్నాను.

ఇప్పుడు నోటుబుక్కు సంగతి. అది ఎక్కడో పెట్టెలో దొరికింది కాదు. షెడ్డు తలుపు పక్కన, ఉష్ణోగ్రత చూసే జంట గాజుకడ్డీల కింద, మేకుకు దారంతో కట్టి వేలాడతా ఉండేది. ఎప్పుడూ ఉండేది. కూలోళ్ల లెక్క అనుకునేవాణ్ణి. ఎన్నో తూర్లు దాని మీద నా తువ్వాలు తగిలించినాను. సెక్యూరిటీ పనికి పోయినాక ఒక దినం, ఆమె చేతి రాత ఏదైనా దగ్గర పెట్టుకోవాలనిపించి, దాన్ని మేకు నుంచి తీసి సంచిలో వేసుకొని పోయినాను.

ఆమెది మాలూరు పక్క. ఇంట్లో తెలుగే, బడిలో కన్నడ. ఆ పక్క మనోళ్లందరూ అంతే కదా. అందుకని నోటుబుక్కులో అక్షరాలు కన్నడ, మాట తెలుగు. నాకు కన్నడ చదివేది రాదు. కానీ ఆ అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్ల మాదిరి ఉంటాయి. తలకట్టు తేడా చూసుకుంటా, బస్సు బోర్డులు చదివిన అనుభవంతో, గేటు గదిలో రాత్రి పన్నెండు నుంచి తెల్లవారేదాకా ఒక్కో మాట కూడబలుక్కున్నాను. మొదటి రాత్రి ఒక పేజీ. వారం పోయినాక మూడు నాలుగు పేజీలు.

పంటకు రెండు పేజీలు. తేదీ, ఎన్ని గుడ్లు, చాకీ యాడ నుంచి, పొడి కడ్డీ ఎంత, తడి కడ్డీ ఎంత, ఎప్పుడు కూర్చున్నాయి, ఎప్పుడు లేచినాయి. కింద మాటలు. కొన్ని రాస్తాను, మీకు కూడా పనికొస్తాయి.

"ముందు లేచినవాటి కోసం ఆకు వేయొద్దు. 100కు 95 లేచినదాకా కాచుకోవాల. ముందు లేచినవి కొంచేపు ఆకలితో ఉంటే చావవు. ముందే వేస్తే పంటంతా చిన్నవీ పెద్దవీ అయిపోతాది."

"లేచినాక పొడి చల్లి, అర్ధగంట తర్వాత ఆకు. ఐదో వయసు నాలుగో దినం మళ్లీ పొడి."

"కూర్చున్నప్పుడు కొమ్మలు కదపొద్దు. సున్నం పలచగా చల్లి, గాలి ఆడనిచ్చి, ఊరక ఉండాల."

"గూడు కట్టేటప్పుడు అన్ని కిటికీలూ తెరవాల. అప్పుడు పురుగు నీళ్లు వదులుతాది, చెమ్మ నిలిస్తే దారం రాదు, ధర రాదు."

"చచ్చిన పురుగు తిప్పలో వేయొద్దు. ఆ ఎరువు తోటకు పోతాది, ఆకు మీద రోగం మళ్లీ షెడ్డుకు వస్తాది. కాల్చాల, లేదంటే సున్నం వేసి లోతుగా పూడ్చాల."

ఈ చివరి మాట చదివిన రాత్రి గేటు గదిలో నుంచి బయటికొచ్చి నిలబడినాను. మే నెలలో 200 గుడ్ల పురుగు తిప్పలో పోసింది నేనే. జూన్‌లో ఆ తిప్ప తోటకు వేసింది నేనే. షెడ్డును బ్లీచింగు, సున్నం నీళ్లతో తడపకుండా ఉత్త నీళ్లతో కడిగింది నేనే. ఆగస్టులో గాచారం బాగలేదు అని గుళ్లో పూజ చేయించింది కూడా నేనే. తడి ఆకు, ముందే ఆకు, మూసిన కిటికీ, నేను చేసిన తప్పుల్లో ఆమె వద్దని రాయనిది ఒక్కటి లేదు.

నా గురించి కూడా రాసింది. "ఆయన మార్కెట్టుకు పోయినారు. సున్నం తెమ్మంటే మరిచినారు." ఇది నాలుగు చోట్ల ఉండాది. ఒక చోట, "శిక్షణకు పోయి వచ్చినారు. ఏం చెప్పినారు అంటే కోడి కూర బాగుండె అన్నారు." ఇది చదివి గేటు గదిలో ఒక్కణ్ణే నవ్వినాను. పక్క గేటు ఆయప్ప నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు.

చివర రాసిన పేజీ 2021 మే నెలది. "నాలుగో జ్వరం. 27, 24. సున్నం చల్లినా. నాకూ జ్వరం."

అంతే. ఆ కింద పేజీలు తెల్లగా ఉండాయి.

ఏప్రిల్ ఆఖర్లో పని మానేసినాను. బావమరిది తిట్టినాడు, నెల పుట్టంగానే జీతం వస్తా ఉంటే మళ్లీ పురుగేనా అని. ఆయన మాటలోనూ తప్పు లేదు. కానీ నోటుబుక్కు చదివితే పని రాదు. ఈత గురించి చదివి బావిలో దూకినట్లు అవుతాది. మా ఊరి కాలనీలో ఒక చిన్నక్క ఉండాది. ఆమె, మా ఇంటామె ఒకరికొకరు బదులు పోయేవాళ్లు, గూడు విడిపించే దినం వీళ్లు ఆడికి, వాళ్లు ఈడికి. ఆమె ఇంటికి పోయి, "ఒక పంట నీ షెడ్డులో పని చేస్తానక్కా, నేర్పించు" అంటిని. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "కూలికి వస్తావా, రైతుగా వస్తావా?" అనింది. కూలికే అంటిని. "అట్లయితే పొద్దున ఆరుకు రా. చేతులు కడుక్కొని రా" అనింది.

జూన్ నెలంతా ఆడ పని చేసినాను. ముగ్గురు ఆడవాళ్లు, నేను. ఊళ్లో మొగోళ్లు నవ్వినారు. టీ అంగడిలో ఒకడు, "ఏమన్నా, చీర కట్టుకొని పోతావా" అన్నాడు. ఆ అంగడికి పోయేది మానేసినాను. దాంతో టీ ఖర్చూ తగ్గింది.

చిన్నక్క చెప్పి నేర్పించే మనిషి కాదు. కళ్లతో చూపిస్తాది. జ్వరానికి కూర్చునే ముందు పురుగు ఒళ్లు మెరుస్తాది, బిగువుగా ఉంటాది, తల చిన్నగా కనిపిస్తాది, ఆకు వదిలేసి తల పైకెత్తి ఊరక ఉంటాది. లేచినాక ముఖం పెద్దదిగా, చర్మం వదులుగా, మాసిన రంగుగా ఉంటాది. ఈ తేడా నాకు పట్టుబడేదానికి రెండు జ్వరాలు అయినాయి. తినే సద్దు కూడా అంతే. ఆకు వేసిన కొంచేపటికి రేకుల మీద సన్నవాన పడినట్లు వస్తాది కదా, ఆ సద్దు ఒక పక్క తక్కువగా ఉంటే ఆ పక్క ఏదో ఉండాదని అర్థం. చిన్నక్క వాకిట్లో నిలబడే "ఆ మూల చూడు" అనేది. పోయి చూస్తే ఆడ కొమ్మలు ఎండి ఉంటాయి, లేదా చీమలు ఎక్కి ఉంటాయి. పండు పురుగు ఏరేది ఆఖరి పాఠం. వెలుతురుకు పట్టి చూస్తే లోపల పసుపు గాజు మాదిరి కనిపిస్తే పండినట్లు. నేను మొదటి దినం పచ్చి పురుగులు అరగంప ఏరినాను. ఆమె ఒక్క మాట అనకుండా అన్నీ తిరిగి రాకు మీద వేసింది. ఆ అరగంప ఏరేదానికి నాకు పట్టిన సేపటిలో మా ఇంటామె మూడు గంపలు ఏరి ఉంటాది.

పంట అయిపోయినాక చిన్నక్క కూలి డబ్బులు లెక్క పెట్టి చేతిలో పెట్టింది. వద్దంటిని. "కూలికే కదా వచ్చినావు" అనింది. తీసుకున్నాను.

ఆగస్టు 2022లో 50 గుడ్లే పెట్టినాను. షెడ్డును 100 లీటర్లకు 2 కిలోల బ్లీచింగు, 300 గ్రాముల సున్నం కలిపి తడిపినాను. తిప్పను తోటకు దూరంగా మార్చినాను. రాత్రి రెండింటికి ఒక తూరి, నాలుగింటికి ఒక తూరి లేచి పోయి చూసేవాణ్ణి. పెద్దపాప పొద్దున కాలేజీకి పోయే ముందు కడ్డీలు చూసి రాసేది. 33 కిలోలు వచ్చినాయి. 50 గుడ్లకు 33 కిలోలు గొప్ప కాదు, ఈ పత్రికలో రాసేంత లెక్క కాదు. కానీ ఆ సంచి రామనగరం మార్కెట్టులో దించినప్పుడు, గూళ్లు చేతిలోకి తీసుకొని ఊపి చూసిన దారం తీసేవాళ్లు ధర పాడేటప్పుడు, నాకు చేతులు వణికినాయి. అన్నేండ్లుగా ఎన్నో లాట్లు అమ్మినాను. నేను పెంచిన గూళ్లు అమ్మింది అదే మొదటి తూరి.

ఆ సంవత్సరం చివర్లో శిక్షణకు పిలిచినారు. ఈ తూరి ముందు బెంచీలో కూర్చున్నాను, నోటుబుక్కు పెట్టుకొని. ఆడ పాఠం చెప్పిన సారు లూయీ పాశ్చర్ గురించి చెప్పినాడు. కుక్కకాటు మందు పాశ్చర్ అని మనకు తెలుసు. మన గుడ్లకు రోగం లేదు అని చీటీ ఇచ్చే పద్ధతి కూడా ఆయన పెట్టిందే అని నాకు అప్పుడే తెలిసింది. తల్లి చిలుక గుడ్లు పెట్టినాక దాన్ని నూరి, మైక్రోస్కోపులో చూసి, పెబ్రిన్ ఉంటే ఆ గుడ్లు కాల్చేస్తారు. ఇప్పటికీ అదే పద్ధతి.

ఇంటికొచ్చినాక పెద్దపాపను అడిగితే ఫోనులో ఇంకా చదివి చెప్పింది. 1865లో ఫ్రాన్సు దక్షిణాన అలేస్ అనే ఊరి పక్క పట్టు రైతులు రోగంతో మునిగిపోతా ఉంటే, పాశ్చర్ గురువు ఆయన్ను ఆడికి పొమ్మన్నాడు. ఆయన రసాయన శాస్త్రం మనిషి. వయసు 42. పురుగును ముట్టినోడు కాదు. దారిలో ఫాబ్రే అనే పురుగుల శాస్త్రజ్ఞుని ఇంటికి పోయి గూడు చూపించమని అడిగి, చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉండాదే అన్నాడంట. ఇది ఫాబ్రేనే రాసుకున్నాడు. మన చిన్నపిల్లోళ్లకు తెలిసిన సంగతి ఆయనకు తెలియదు. ఆ సంవత్సరమే తండ్రి పోయినాడు. కొన్ని నెలలకే రెండేండ్ల బిడ్డ పోయింది. మరుసటి సంవత్సరం పన్నెండేండ్ల బిడ్డ టైఫాయిడ్‌తో పోయింది. 1868లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అయినా పురుగు పని వదల్లేదు, 1870లో పుస్తకం వేసినాడు.

పాప ఇంకో మాట చదివింది. ఆయన మైక్రోస్కోపులో చూస్తా ఉంటే, ఆడ పురుగును పెంచింది ఆయన భార్య మారీ, బతికున్న కూతురు. "చూడు నాయనా, ఆడ కూడా షెడ్డు పని వాళ్లదే" అనింది. నేనేమీ మాట్లాడలేదు.

ఆ పెద్దాయనతో నన్ను పోల్చుకోను. కానీ 40 దాటినాక తెలియని పనికి కూర్చొని, తెలియదు అని బయటికి చెప్పుకొని మొదలుపెట్టినోడు ఇంకొకడు ఉన్నాడని తెలిస్తే కొంచెం ధైర్యం వస్తాది. టీ అంగడిలో నవ్వినోళ్ల ముఖాలు అప్పుడు అంత పెద్దగా కనిపించలేదు.

ఇప్పుడు పంటకు 150 గుడ్లు పెడతా ఉన్నాను, సంవత్సరానికి ఐదు పంటలు. ఒకటి రెండు పంటలు దెబ్బ తింటాయి. పోయిన ఎండాకాలం ఊజీ ఈగ వల చిరిగింది చూసుకోలేదు, పది కిలోలు దాకా ఓట్టి గూళ్లయినాయి. అట్లాంటివి కూడా రాసి పెడతా ఉన్నాను. సొసైటీ బాకీ సగం తీరింది. మందు ముట్టుకోలేదు. ఆమె మీద దిగులు తగ్గిందా అంటే తగ్గలేదు. పంట పంటకూ నాలుగో జ్వరం దినం షెడ్డులో ఎక్కువసేపు ఉండలేను, ఆ పూట సున్నం చిన్నోడు చల్లుతాడు.

పాస్‌బుక్కు సంగతి ఒక మాట. అన్నలారా, మీ ఇంట్లో షెడ్డు పని ఎవరు చేస్తారో వాళ్లను శిక్షణకు పంపండి. పేరు మీదే ఉండనీ, వాళ్లను వెంట పిలుచుకొని పోండి, ముందు బెంచీలో కూర్చోబెట్టండి. వద్దంటే అడగండి. మా ఇంటామెకు ఒక్క తూరి ఆ అవకాశం వచ్చి ఉంటే, ఆ సారుకే రెండు మాటలు చెప్పి వచ్చేది.

నోటుబుక్కులో ఆమె రాసిన ఆఖరి పేజీ కింద నుంచే నేను రాస్తా ఉన్నాను. పైన కన్నడ అక్షరాలు, కింద తెలుగు అక్షరాలు, మాట ఒకటే. చిన్నోడు తమిళంలో చదువుకుంటా ఉన్నాడు, వాడు ఒక్కోసారి తమిళ అక్షరాలతో రాసేస్తాడు. రాయనీ అని ఊరకుంటాను. ఇంకా పదమూడు పేజీలు మిగిలినాయి. అవి అయిపోతే కొత్తది తెచ్చి దీని వెనక కుట్టాల.

ఫోన్ చేసిన తమ్ముడూ, ఇది నీకు. తోట పీకేది ఒక పంట దాకా ఆపు. ఈ నెల 18న మాకు చాకీ వస్తాది, రెండో జ్వరం దాటిన పురుగు. నువ్వు వచ్చి 25 దినాలు మా షెడ్డులో ఉండు. కూలి ఇస్తాను, వద్దనకూడదు. పొద్దున ఆరుకు చేతులు కడుక్కొని రావాల. ఇంకో సంగతి. వచ్చే ముందు నీ షెడ్డులో ఒక తూరి బాగా చూడు. మా ఇంటామెకు నోటుబుక్కు ఉండె, చానా మంది ఆడవాళ్లు తలుపు వెనక గోడ మీద బొగ్గుతోనో సుద్దతోనో తేదీలు రాసి పెట్టుకుంటారు. షెడ్డుకు సున్నం కొట్టే ముందు ఆ గోడను ఫోటో తీసుకొని రా.